‘ఎక్లేసియా’ శబ్దార్థ విచారము

ఐరోపాఖండ చరిత్రమును దెనుఁగున వ్రాయువారికిని, పాఠశాలలలో దానిని బోధించు పండితులకును దఱచుగాఁ జిక్కు కలిగించు మాటలలో ‘చర్చి’ యనునది యొకటి. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ 1534లో నా దేశపు ‘చర్చి’కిఁ దానే శిరస్సని శాసనము చేయించెనని పుస్తకములలోఁ జదువుచున్నాము. మన యూళ్లలోఁ జర్చి యనఁగా శిలువగుర్తు గల కట్టడము. ఆ కట్టడమునే యెఱిఁగిన బాలుఁడు, రాజు గుడికి ధర్మకర్త యయ్యెనని యర్థము చేసికొన్నచో దోషము వానిది కాదు. పోనీ యని ‘సంఘము’ అని వ్రాసితిమేని, సంఘసంస్కరణము, సహకారసంఘము, కార్మికసంఘము మొదలగు మాటలకు నలవాటుపడిన నేఁటి పాఠకుఁడు, రాజు జనసమాజమున కంతటికిని శిరస్సయ్యెనని తలఁచును. రెండును దప్పులే. ఈ చిక్కు తెనుఁగువారు తెచ్చిపెట్టుకొన్నది కాదు. ఆ మాటకు మూలమైన గ్రీకు పదము యొక్క యర్థమే పలుమాఱులు మాఱినది. మాఱినప్పుడెల్ల వివాదమునకుఁ గారణమైనది. ఆ చరిత్రమును గొంత విచారించి, మన ‘సంఘ’ శబ్దమునకు దానితోఁ గల పోలికను భేదమును జూపుటకుఁ బూనుకొనుచున్నాను.

క్రైస్తవుల క్రొత్తనిబంధనము గ్రీకుభాషలో వ్రాయఁబడినది. ఇంగ్లీషువారు ‘చర్చి’ యని పరివర్తించిన తావులందు మూలమున నున్న మాట ‘ఎక్లేసియా’. ఇది క్రైస్తవులు పుట్టించినది కాదు. వారికి దాదాపు అయిదువందల యేండ్లకు ముందే ఏథెన్సు నగరమున వాడుకలో నుండినది. అచ్చటి పౌరులు ప్నిక్సు అను గుట్టపైఁ గూడి, యుద్ధము, సంధి, ధాన్యము, ధనము మున్నగు విషయములను జర్చించి, చేతులెత్తి నిర్ణయించెడి మహాసభకు నెక్లేసియా యని పేరు. క్రీ.పూ. 4వ శతాబ్దమున నది యేఁటికి 40 మాఱులు కూడెడిది. అయిదువందలమంది సభ్యులు గల వేఱొక మండలి దాని కార్యక్రమమును ముందుగా సిద్ధపఱచెడిది. కొన్ని ముఖ్యనిర్ణయములకు 6,000 మంది యుండవలెనను నియమము గలదు. స్త్రీలకును, బానిసలకును, పరదేశీయులకును నందుఁ బ్రవేశము లేదు. సభారంభమున బలియుఁ బ్రార్థనయు నుండెడివి. ఐనను నది మతసంస్థ యని చెప్పరాదు. రాజ్యాధికారము గల పౌరుల సమావేశమే యెక్లేసియా. సభ ముగిసి జనులు చెదరినంతనే యదియు లేదు; మరలఁ గూడినప్పుడే మరలఁ గలుగును.

ఈ పదమునకు ‘ఎక్’ అనఁగా వెలుపలికి, ‘కలేయిన్’ అనఁగాఁ బిలుచుట, అని వ్యుత్పత్తి చెప్పుదురు. దీనిఁ బట్టుకొని, ‘లోకమునుండి వెలికిఁ బిలువఁబడినవారు’ గావున క్రైస్తవుల కీ పేరు వచ్చెనని యుపదేశకులు పెక్కండ్రు వ్యాఖ్యానింతురు. అర్థము రమ్యముగ నున్నది కాని ప్రయోగములలో దీనికిఁ బ్రమాణము కానరాదు. క్రీస్తు కాలమునకు నీ మాట విన్నవారికి ‘సభ’ యను నర్థమే తోఁచెడిది. పిలుపు తోఁచెడిది కాదు. రూఢి యోగముకంటె బలవత్తరమని మన శాస్త్రకారులు చెప్పుదురు గదా! ‘కుశలుఁడు’ అన్నప్పుడు దర్భలు కోయువాఁడు మనస్సునకు రాఁడు. ‘మండపము’ అన్నప్పుడు గంజి త్రాగుట తలఁపునకు రాదు. పాశ్చాత్యులలో జేమ్సు బారు అను పండితుఁడు 1961లోఁ బ్రకటించిన గ్రంథమున, బైబిలు మాటలకు వ్యుత్పత్తిమాత్రముచే నర్థము చెప్పు నీ యాచారమును గట్టిగా ఖండించెను. మన తార్కికుల కది క్రొత్తవాదము కాదు.

ఏథెన్సు సభపేరు క్రైస్తవులకుఁ జేరిన త్రోవ వేఱు. అలెగ్జాండ్రియాలోని యూదులు క్రీ.పూ. 3వ శతాబ్దము మొదలుకొని తమ హీబ్రూ గ్రంథములను గ్రీకులోనికిఁ బరివర్తించుకొనిరి. అందు ఇస్రాయేలు జనులు దేవుని సన్నిధిని గూడుటను దెలుపు ‘కాహాల్’ అను హీబ్రూ పదమునకుఁ బెక్కుచోట్ల ‘ఎక్లేసియా’ యనియు, కొన్నిచోట్ల ‘సునగోగే’ యనియు వ్రాసిరి. జనసమూహమును దెలుపు ‘ఏదా’ యను వేఱొక పదమునకు మాత్రము ‘సునగోగే’యే గాని ‘ఎక్లేసియా’ యెన్నఁడును లేదు. తెనుఁగు బైబిలులో నిట్టి తావులందుఁ దఱచుగా ‘సమాజము’ అని యున్నది. యూదులు తమ ప్రార్థనసభకు ‘సునగోగే’ యను పేరునే నిలుపుకొనిరి. క్రైస్తవులు ‘ఎక్లేసియా’ను జేపట్టిరి. చోద్యమేమనఁగా, జనులు కూడుట యను నర్థము గల యీ రెండు మాటలును గాలక్రమమున జనులు కూడెడి యింటికే పేళ్లయ్యెను.

క్రొత్తనిబంధనమున నీ పదము 114 మాఱులు వచ్చినది. అందు సువార్తలు నాలుగింటిలోను మత్తయిసువార్తయందే, అదియు రెండు వాక్యములలోనే కలదు. తక్కినవి ముఖ్యముగా పౌలు లేఖలలోను, అపొస్తలుల కార్యములలోను, ప్రకటన గ్రంథములోను నున్నవి. పౌలు ‘ఫలానివారి యింటనున్న యెక్లేసియా’కు వందనములు చెప్పును. ఇల్లు వేఱు, ఎక్లేసియా వేఱు. ఆ యింటఁ గూడు మనుష్యులే యెక్లేసియా. కట్టడ మను నర్థమునఁ గ్రొత్తనిబంధనమంతటను నొక్క ప్రయోగమైన లేదు.

అపొస్తలుల కార్యములు 19వ యధ్యాయము శబ్దవిచారకులు తప్పక చూడవలసినది. ఎఫెసు నగరమున అర్తెమిదేవి వెండిగుళ్లు చేసి యమ్ముకొను కంసాలులు, పౌలు బోధవలనఁ దమ వృత్తికి భంగము కలుగునని యల్లరి చేసి, జనులను నాటకశాలలోనికి నీడ్చుకొనిపోయిరి. ఎందుకు వచ్చితిమో పలువు రెఱుఁగరు. ఆ యల్లరిమూఁకకును, నగరపు కరణము ‘మీ తగవు న్యాయమైన సభలోఁ దీర్చుకొనుఁడు’ అన్నప్పటి చట్టబద్ధమైన సభకును గ్రంథకర్త వాడిన మాట ‘ఎక్లేసియా’యే. తెనుఁగు బైబిలు నిచ్చట ‘సభ’ యని, తక్కినచోట్ల ‘సంఘము’ అని, హెబ్రీయులకు వ్రాసిన లేఖలో కీర్తనలనుండి యెత్తిన వాక్యమున ‘సమాజము’ అని పెట్టినది. సందర్భమునుబట్టి మాట మార్చుట పరివర్తకుని ధర్మమే. కాని మూలమున నొక్క మాటయే యున్నదని తెనుఁగు చదువరికిఁ దెలియు దారి లేదు.

ఇఁక జనుల పేరు గోడలకు సంక్రమించిన విధము. మొదటి రెండు శతాబ్దములలోఁ గ్రైస్తవులు ఇండ్లలోనే కూడిరి. యూఫ్రటీసు తీరమున దూరా-యూరోపసు అను కోటయూర 1930 ప్రాంతపు త్రవ్వకములలో నట్టి యిల్లొకటి బయలుపడినది. మూఁడవ శతాబ్దపు నడుమ నొక సామాన్యగృహమును గొని, రెండు గదుల నడిమి గోడను దీసివేసి చావడిగాఁ జేసి, వేఱొక చిన్నగదిలో బాప్తిస్మపు తొట్టిని గట్టిరి. 256లో నా యూరు పారసీకుల ముట్టడికి లోనైనప్పుడు కోటగోడను బలపఱచుటకుఁ బోసిన మట్టిలోఁ గప్పఁబడుటచేతనే యిది నిలిచినది. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని క్లెమెంటు, తాను ఎక్లేసియా యనునది స్థలమును గాదనియు, ఎన్నుకోఁబడినవారి సమూహమునే యనియు విడఁదీసి చెప్పవలసివచ్చెను. ఇట్లు చెప్పవలసివచ్చినదనఁగాఁ గొందఱు స్థలమునకును నా పేరు వాడుచుండిరని యూహింపవచ్చును. 313లోఁ గాన్‌స్టాంటైను, లిసీనియసులు క్రైస్తవులకు స్వేచ్ఛ నొసఁగిన తరువాత రాజధనముతో మహామందిరములు లేచినవి. గోడలు పెద్దవైనకొలఁది పేరు వానికే యంటుకొన్నది.

ఆ మందిరములకు గ్రీకులో ‘కురియకోన్’ అనఁగాఁ ‘బ్రభువునది’ యను మఱియొక పేరు పుట్టినది. ఇంగ్లీషు ‘చర్చి’, స్కాట్లండువారి ‘కిర్కు’, జర్మనుల ‘కిర్ఖె’ యనునవి దాని వికృతులే. కనుక ‘చర్చి’ పుట్టుకతోనే యింటిపేరు. ‘ఎక్లేసియా’ పుట్టుకతో మనుష్యుల పేరు. ఒకదాని కింకొకటి పర్యాయమగుటయే తరువాతి గందరగోళమునకు మొదలు. 4వ శతాబ్దమున గోతుజాతివారికి బైబిలును బరివర్తించిన వుల్ఫిలా మాత్రము గ్రీకుమాటనే తన భాషలోఁ జేర్చుకొనెను. లాటినువారును నట్లే ‘ఎక్లేసియా’ నుంచుకొనిరి. ఫ్రెంచివారి ‘ఎగ్లీజు’, స్పెయినువారి ‘ఇగ్లేసియా’, పోర్చుగీసువారి ‘ఇగ్రేజ’ దాని సంతతి. ఆ పోర్చుగీసు మాటయే హిందీ, వంగ భాషలలో ‘గిర్జా’ యైనది. ఉర్దూలోని ‘కలీసా’ పారసీకము ద్వారా వచ్చిన గ్రీకు పదమే. మలయాళీలు మాత్రము వీని నన్నిటిని వదలి, బౌద్ధ జైన విహారములకుఁ గల ‘పళ్లి’ యను పేరును గ్రైస్తవ మందిరమునకును, మసీదునకును గూడ నిచ్చిరి. ఇది ప్రసంగవశమునఁ జెప్పితిని.

మధ్యయుగమున నింకొక యర్థము ప్రబలినది. బిషప్పులు, ప్రీస్టులు, సన్న్యాసులు మున్నగు దీక్షితుల వర్గమే ‘ఎక్లేసియా’ యయ్యెను. గృహస్థులగు క్రైస్తవులు దాని యేలుబడిలోని వారైరి. 1077 జనవరిలో చక్రవర్తియగు నాలుగవ హెన్రీ కనోస్సా కోటవాకిట మంచులో నిలిచి యేడవ గ్రెగరీ పోపును క్షమాపణ వేఁడుకొన్న కథ ప్రసిద్ధము. 1122 నాఁటి వర్మ్సు ఒడంబడికతో నొక కొలికికి వచ్చిన యా తగవు, బిషప్పులకు నధికారచిహ్నముల నిచ్చు హక్కు రాజుదా పోపుదా యనునది. దీనిని ‘చర్చికిని రాజ్యమునకును’ జరిగిన కలహ మందురు. ఇందు రెండువైపుల వారును గ్రైస్తవులే. 1215 నాఁటి మహాపత్రము మొదటి ప్రకరణమున ఇంగ్లండు ‘ఎక్లేసియా’ స్వతంత్రముగ నుండునని రాజు ఒప్పుకొనుటకును నర్థ మిదియే: మతాధికారులను ఎన్నుకొనుటలో రాజు చేయి పెట్టరాదని.

ఈ యర్థముపైఁ దిరుగుబాటు 16వ శతాబ్దమున వచ్చినది. విలియం టిండేలు గ్రీకు మూలమునుండి క్రొత్తనిబంధనమును ఇంగ్లీషు చేసి 1526లో వర్మ్సు నగరమున నచ్చువేయించెను. అందు ‘ఎక్లేసియా’ యున్నచోట ‘చర్చి’ యనక ‘కాంగ్రిగేషను’, అనఁగాఁ గూడిన జనము, అని వ్రాసెను. సర్ థామస్ మోరు 1529లో దీనిపై ఖండనగ్రంథమును బ్రకటించెను. టిండేలు 1531లో బదులు వ్రాయఁగా, మోరు దానికి మరల మిగుల విపులమైన ఖండనము వ్రాసెను. టిండేలు తన సమాధానమునకు మొదటనే యీ మాట యర్థములను విడఁదీసి చూపుట గమనింపఁదగినది. జనులు కూడు ఇల్లొకటి, మతాధికారుల గుంపొకటి, క్రీస్తు పేరు చెప్పుకొను జనులందఱు నొకటి, వారిలోను నిజముగా విశ్వసించినవారు మాత్రమే యగుట యింకొకటి. ‘చర్చి’ యని వ్రాసినచోఁ జదువరికి నొక్క మతాధికారులే తోఁతురనియు, గ్రీకుపదము అపొస్తలులకు ముందే యన్యమతస్థుల సభలకును వాడఁబడినదనియు వాదించి, ఎఫెసు వృత్తాంతమును సాక్ష్యముగాఁ జూపెను.

మోరు వాదమును నుపేక్షింపఁదగినది కాదు. ‘కాంగ్రిగేషను’ ఎట్టి గుంపునకైనను జెల్లును. ఇంగ్లీషువారి వాడుకలో క్రైస్తవజనమునకు ‘చర్చి’ యే పేరు. మాట యర్థమును దేశపు వాడుక నిర్ణయించును గాని, మూలము నిర్ణయింపదు. ఇది మన రూఢివాదమే. శబ్దశాస్త్రదృష్టిచే మోరు పక్షమున బలము గలదని నాకుఁ దోఁచుచున్నది. కాని వాదము శబ్దమాత్రమును గూర్చినది కాదు. ఎరాస్మసు 1516లోఁ బ్రకటించిన తన లాటిను పరివర్తనమునఁ గొన్నిచోట్ల నిట్టి మాటనే వాడఁగా, నీ మిత్రుని నేల తప్పుపట్టవని టిండేలు మోరునడిగెను. ఎరాస్మసునకు దురుద్దేశము లేదని మోరు బదులు చెప్పెను. ఆ బదులుతోఁ దగవు నిఘంటువును దాటిపోయినది. ‘చర్చి’ యనఁగా జనులందఱునైనచో, మతాధికారులకుఁ బ్రత్యేకాధికార మేల? టిండేలు ‘ప్రీస్టు’ బదులు ‘పెద్ద’ యనియు, ‘ప్రాయశ్చిత్తము’ బదులు ‘పశ్చాత్తాపము’ అనియు వ్రాయుటయు నీ త్రోవలోనివే.

తరువాతి కథ విషాదకరము. రాజే చర్చికి శిరస్సను ప్రమాణమును జేయనొల్లక మోరు 1535 జూలై 6వ తేది శిరశ్ఛేదము పొందెను. అదే సంవత్సరము ఆంట్వర్పులోఁ బట్టువడిన టిండేలును మతద్రోహిగా నిర్ణయించి, 1536లో విల్‌వూర్డు వద్ద నురిబిగించి, శవమును దహించిరి. ఒక్క మాటకొఱకే వీరు చచ్చిరనుట యతిశయోక్తి. కాని యెక్లేసియా యెవరిది యను ప్రశ్నకు వీరిరువురు నిచ్చిన ప్రత్యుత్తరములు వీరి మరణములతో ముడివడియున్నవి. ఒకరి కది పోపుతోఁ గూడిన సమస్త క్రైస్తవలోకము. ఇంకొకరికి విశ్వసించిన జనము. రాజు శిరస్సగుటకు మోరు లెక్కలోఁ దావు లేదు.

1604లో జేమ్సురాజు క్రొత్త పరివర్తనమునకు నుత్తరు విచ్చినప్పుడు, పరివర్తకులకు విధించిన నియమములలో మూఁడవది, ప్రాఁత మతపదములను నిలుపవలెననియు, ‘చర్చి’ని ‘కాంగ్రిగేషను’ చేయరాదనియు. రాజశాసనముచే నొక పదార్థము స్థిరపడుట యరుదు. 1611లో వెలువడిన యా బైబిలున ఎఫెసు యధ్యాయమును దెఱచి చూచినచో వింత గోచరించును. అందు ‘ఎక్లేసియా’ మూఁడు తావులను వచ్చినది. మూఁడింటను ‘చర్చి’ లేదు, ‘అసెంబ్లీ’ యని యున్నది. కరణము ‘వీరు గుడి దోఁచినవారు కారు’ అన్నచోట, అర్తెమిదేవి వంటి దేవతల గుళ్లను గూర్చిన మాటకుఁ ‘జర్చి’ పెట్టఁబడినది! 1881 నాఁటి సంస్కరణమున దీనిని దిద్దిరి.

ఇఁక మన ‘సంఘము’ సంగతి. పాణిని ‘సంఘ’ శబ్దమును గణమను నర్థమునఁ బ్రత్యేకముగా సాధించెను. కౌటిల్యుని యర్థశాస్త్రమున పదునొకండవ యధికరణము సంఘవృత్తము. లిచ్ఛవులు, వృజులు, మల్లులు మున్నగువారి గణరాజ్యములే యచ్చటి సంఘములు. బుద్ధుఁడు తన భిక్షువుల సమూహమునకు నీ రాజకీయపదమునే పెట్టెను. మహాపరినిర్వాణ సూత్రమున బుద్ధుఁడు, వజ్జీలు తఱచుగా సభ కూడి యేకముగాఁ గార్యములు నడుపుదు రేని వారికి హాని లేదని చెప్పి, వెంటనే యట్టి నియమములనే భిక్షుసంఘమునకును విధించెను. గ్రీకుల నగరసభ మతసమూహమునకుఁ బేరైనట్లే, గంగాతీరపు గణసభయు మతసమూహమునకుఁ బేరైనది. ఈ రెండు కథలకు నొకదానితో నొకటికి సంబంధము లేదు. కావుననే యీ పోలిక మఱింత యాశ్చర్యకరము.

భేదమును గలదు. బౌద్ధులలో సంఘ మనఁగా ముఖ్యార్థమున దీక్ష గొన్న భిక్షువులును భిక్షుణులును. నాగార్జునకొండ మహాచైత్యమును గట్టించిన ఇక్ష్వాకు రాజసోదరి చాంతిసిరి దానము చేసినది. అపరమహావినసేలీయులగు నాచార్యులు గ్రహించిరి. ఆమె యెంతటి భక్తురాలైనను నుపాసికయే. జైనులలో నట్లు గాక, మునులు, ఆర్యికలు, శ్రావకులు, శ్రావికలు గలిసి చతుర్విధసంఘము. ప్రత్యేకశాఖలకును నా పేరు గలదు; వేంగీచాళుక్యుఁడగు రెండవ అమ్మరాజు మలియపూండి శాసనమున యాపనీయసంఘము పేర్కొనఁబడినది. పౌలు చెప్పు ఎక్లేసియాకు జైనుల చతుర్విధసంఘమును, మధ్యయుగపు ఎక్లేసియాకు బౌద్ధుల భిక్షుసంఘమును దగ్గఱవి. ఒక్క విషయమున మాత్రము మన ‘సంఘము’ గ్రీకు మాటకంటె స్థిరముగ నున్నది: ఎన్నఁడును గట్టడమునకుఁ బేరు కాలేదు. విహారము విహారమే, బసది బసదియే.

విశాఖపట్టణమున 1805లోఁ బని మొదలిడిన క్రాను, డెగ్రాంజి దొరలును, వారికిఁ దోడ్పడిన ఆనందరాయఁడును, తరువాతఁ గ్రొత్తనిబంధనమును సంపూర్ణముగాఁ దెనుఁగు చేసి 1818లో మద్రాసున వెలువరించిన ప్రిచ్చెట్టును మొదలుకొని పలువురి కృషిచేఁ దెనుఁగు బైబిలు రూపొందినది. నేఁడు వాడుకలో నున్న ప్రతిలో ‘సంఘము’ స్థిరపడినది. ప్రొటెస్టెంటులలో ‘సంఘకాపరి’, ‘సంఘపు పెద్ద’ యను మాటలు వెలసినవి. 1947 సెప్టెంబరు 27వ తేదిని మద్రాసున నేర్పడిన ఐక్యసంస్థకు ‘దక్షిణ ఇండియా సంఘము’ అని పేరు. కతోలికులు ‘తిరుసభ’, ‘శ్రీసభ’ యని వాడుదురు. ‘తిరు’ తమిళమున ‘శ్రీ’యే. వారు ఫాదరుగారి యేలుబడిలోని ప్రాంతమును ‘విచారణ’ యనుట యెంతయు సొంపైన తెనుఁగు. మెదకున 1924లోఁ బ్రతిష్ఠింపఁబడిన మహామందిరమును జూడఁబోవు పామరుఁడు ‘చర్చికిఁ బోవుచున్నా’ననును, ఆదివారమునాఁడు ‘సంఘము కూడినది’ అనును. టిండేలు ప్రాణమిచ్చియు నింగ్లీషులో నిలుపలేని భేదము తెనుఁగు పల్లెలలో నప్రయత్నముగా నిలిచియున్నది.

చరిత్రకారుఁ డేమి చేయవలెను? ఒక్క మాటతోఁ బని జరుగదని నా యభిప్రాయము. 1077, 1215 సంవత్సరముల కథలలో ‘మతాధికారివర్గము’ అని వ్రాయుట మేలు. 1534 శాసనమున ‘ఇంగ్లండు క్రైస్తవసంఘము’ అని విశేషణముతోఁ జెప్పవలెను. విశేషణము లేని ‘సంఘము’ నేఁడు చెల్లదు. కట్టడమునకు ‘చర్చి’యో ‘మందిరము’నో చాలును. అమెరికా యధ్యక్షుఁడగు జెఫర్సను 1802 జనవరి 1వ తేదిని డాన్‌బరీలోని బాప్తిస్టులకు వ్రాసిన లేఖలోఁ ‘జర్చి’కిని రాజ్యమునకును నడుమ గోడను గూర్చి చెప్పెను; అచ్చట నది మత మను నర్థమునకు సమీపించినది. 1905 డిసెంబరు 9వ తేది నాఁటి ఫ్రెంచి శాసనముయొక్క పేరులో ‘ఎగ్లీజు’ బహువచనమున నున్నది. ఆ శాసనము కతోలికులకే గాక ప్రొటెస్టెంటులకును, యూదులకును వర్తించినది. యూదుల ప్రార్థనసమాజమును ‘ఎగ్లీజు’లలోఁ జేరిన యా పేరును ‘చర్చిలు’ అని తెనుఁగు చేసిన గ్రంథములను జూచితిని; అచ్చట ‘మతసంస్థలు’ అని దిద్దుకొనవలెను.